పాస్‌బుక్కు చూపిస్తే వీసా ఇస్తారా?

అమ్మానాన్నల అమెరికా వీసా ఇంటర్వ్యూకి స్లాట్ దొరికిందని తెలియగానే వాట్సాప్‌లో ఒక జాబితా వచ్చిపడుతుంది. సీఏ సంతకంతో నెట్‌వర్త్ సర్టిఫికెట్, ఇంజనీరు రాసిచ్చిన ఇంటి వాల్యుయేషన్, ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ, పట్టాదారు పాస్‌బుక్కు, మూడేళ్ల ఐటీ రిటర్నులు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, పెన్షన్ మంజూరు పత్రం (పీపీవో), కొడుకు పేస్లిప్పులు, కోడలి వీసా హోదా ఆమోదపత్రం ఐ-797, ఇద్దరి పెళ్లిఫొటోలు, ఆహ్వానపత్రం. ఈమధ్య తిరుగుతున్న ఒక జాబితాలో సొంత పొలంలో నిలబడి దిగిన ఫొటో కూడా ఉంది. వీటన్నిటికోసం ఆ పెద్దవాళ్లు వారాల తరబడి మీసేవా, బ్యాంకు, సీఏ ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. తీరా ఇంటర్వ్యూ రోజున ఆ లావుపాటి ఫైలు తెరవాల్సిన అవసరం చాలామందికి రాదు.

ఈ శ్రమంతా పడరాని చోట పడుతోందని నా అభిప్రాయం. ఒక మనిషి తిరిగి వస్తాడా రాడా అన్నది అతనికి ఎంత ఆస్తి ఉందో చూస్తే తెలిసేది కాదు. ఇక్కడ అతని రోజులు ఎలా గడుస్తున్నాయో, ఇంతకుముందు వెళ్లినప్పుడు ఎన్నాళ్లుండి వచ్చాడో చూస్తే కొంత తెలుస్తుంది. కాబట్టి ఫైలు మీద పెట్టే శ్రద్ధలో సగం డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం మీదా, మిగతా సగం మొదటి ప్రయాణం తేదీల మీదా పెట్టాలి.

చట్టం అడిగేది ఇల్లు ఉందా అని కాదు, ఇక్కడ ఉంటున్నారా అని

అమెరికా 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలో 214(బీ) అనే సెక్షన్ గురించి వీసా రిజెక్టయిన ప్రతి ఇంట్లోనూ తెలుసు. విజిటర్‌గా వస్తానన్న మనిషిని స్థిరపడడానికే వస్తున్నాడని ముందే అనుకోవాలి, కాదని రుజువు చేసుకునే భారం అతనిదే అన్నది దాని సారాంశం. అదే చట్టం విజిటర్ ఎవరో చెప్పేచోట, విదేశంలో నివాసం ఉండి, దాన్ని వదులుకునే ఉద్దేశం లేకుండా తాత్కాలికంగా వచ్చేవాడు అంటుంది. అందులో ఆస్తి ప్రస్తావన లేదు. కూకట్‌పల్లిలో మూడు ఫ్లాట్లు అద్దెకిచ్చి డాలస్‌లో ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. అద్దె ఇంట్లో ఉంటూ ఆర్నెల్లు తిరక్కముందే వెనక్కి వచ్చేసినవాళ్లూ ఉన్నారు. ఆస్తి మనిషిని వెనక్కి లాగకపోగా, అక్కడి ఖర్చుకు ఇక్కడి నుంచి నెలనెలా అద్దె పంపిపెడుతుంది కూడా.

కాగితాల మీద ఇంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? పిల్లల అనుభవం నుంచి అనుకుంటాను. వాళ్లు ఎఫ్-1 చదువు వీసాకి వెళ్లినప్పుడు కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రంలో ఉన్న మొత్తానికి సరిపడా డబ్బు చూపించాల్సి వచ్చింది. హెచ్-1బీ ఉద్యోగ వీసాకి క్లయింట్ లెటర్ దగ్గర్నుంచి పేస్లిప్పుల దాకా అడిగారు. పైగా హెచ్-1బీకి, కంపెనీ బదిలీ మీద వెళ్లే ఎల్ వీసాలకు ఆ 214(బీ) అనుమానం వర్తించదు. అంటే తిరిగొస్తావా అన్న ప్రశ్నను చాలా ఏళ్లుగా ఎదుర్కోనివాళ్లు, అదే ప్రధాన ప్రశ్న అయిన తల్లిదండ్రులకు సలహాలిస్తున్నారు.

ఇక ఆహ్వానపత్రం, స్పాన్సర్ లెటర్. అమెరికా విదేశాంగ శాఖ తన విజిటర్ వీసా పేజీలో ఇవి అవసరం లేదనీ, తెచ్చినా వీసా ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయంలో వాటిని లెక్కలోకి తీసుకోమనీ రాసిపెట్టింది. దరఖాస్తుదారు తన సొంత నివాసం, బంధాల మీదే అర్హత చూపించుకోవాలి, అక్కడివాళ్ల హామీల మీద కాదు. అయినా ప్రతి జాబితాలోనూ మొదటి వరుసలో ఉండేది అవే.

అసలు పరీక్ష డీఎస్-160లో

నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో కౌంటర్ దగ్గర నిలబడేది రెండు మూడు నిమిషాలు. ఆఫీసర్ స్క్రీన్ మీద ఉండేది మీ డీఎస్-160. ఒకసారి ఆ ఫారం తీసి ఏం అడుగుతుందో చూడండి. ఆస్తి గురించి ఒక్క ప్రశ్న కూడా ఉండదు. ఉండేవి ఇవి: ఎన్నాళ్లు ఉంటారు, ఖర్చు ఎవరిది, ఎవరింట్లో దిగుతారు, దగ్గరి బంధువులు అక్కడ ఏ హోదాలో ఉన్నారు, ప్రస్తుతం ఏం పని చేస్తున్నారు, గత ఐదేళ్లలో ఏ దేశాలు తిరిగారు, ఇంతకుముందు అమెరికా వెళ్లిన ఐదుసార్ల వివరాలు. ఆ చివరిదానికి వచ్చిన తేదీ, ఉన్న కాలం రెండూ రాయాలి. వీసా ఎప్పుడైనా నిరాకరించారా, మీ పేరున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అన్నవి వేరే ఉంటాయి.

ఈ ఫారాన్ని చాలా ఇళ్లలో కొడుకు రాత్రి రెండింటికి అక్కడి నుంచి కూర్చుని నింపేస్తాడు. తండ్రి దాన్ని కాన్సులేట్‌కి వెళ్లేదాకా చదవడు. తప్పులు ఇక్కడే పుడతాయి. ఫారంలో ఆరు నెలలు అని ఉంటుంది. కౌంటర్లో ఆయన "రెండు మూడు నెలలండీ" అంటాడు. ఫారంలో రిటైర్డ్ అని ఉంటుంది. ఆయనేమో ఎరువుల దుకాణం చూసుకుంటున్నానంటాడు. రెండూ నిజమే కావచ్చు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాకే దుకాణం పెట్టి ఉండొచ్చు. కానీ ఎదుటివాడికి కనిపించేది రెండు మాటలు కలవకపోవడం.

ఇంకో నష్టం కూడా ఉంది. రిటైర్డ్ అని ఎంచుకుంటే ఫారం పని గురించి వివరాలు అడగదు. ఆ మనిషి ఇక్కడ రోజంతా ఏం చేస్తాడో చెప్పే చోటే పోతుంది. ఆయన నిజంగా వ్యవసాయం చేయిస్తుంటే, కౌలు లెక్కలు చూస్తుంటే, వృత్తి దగ్గర వ్యవసాయం అని రాయడమే సరైనది. అప్పుడు ఏ పంటలు, ఎన్నెకరాలు, నెలసరి రాబడి ఎంత అన్నది రెండు వాక్యాల్లో పెట్టొచ్చు. చేయనిది రాయమని చెప్పడం లేదు. చేసేది వదిలేయొద్దంటున్నాను.

ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. ఇంగ్లీషులో కూడబలుక్కుని చెప్పే సగం జవాబు కంటే తెలుగులో చెప్పే పూర్తి జవాబు మేలు. "ఎందుకు వెళ్తున్నారు?" అంటే "అమ్మాయిని చూడ్డానికి" అని ఆగిపోకుండా, "అమ్మాయి దగ్గరికి, మే నుంచి ఆగస్టు దాకా. సెప్టెంబరులో మా పెద్దబ్బాయి గృహప్రవేశం ఉంది, అప్పటికి వచ్చేయాలి" అంటే చాలు. ఎప్పుడు, ఎంతకాలం, వెనక ఏం వేచి ఉంది అన్నవన్నీ వచ్చేశాయి. గృహప్రవేశం నిజంగా ఉంటేనే సుమా. ఎన్నో తారీఖు అని తిరిగి అడిగితే తడబడకూడదు.

అలాగని చేతులూపుకుంటూ వెళ్లమని కాదు

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. కొందరిని కాగితాలు అడుగుతారు కదా? అడుగుతారు. వ్యాపారం చేసేవాళ్లను, ఫారంలో రాబడి ఎక్కువ చూపినవాళ్లను, పెద్ద ఖర్చు తామే పెట్టుకుంటామన్నవాళ్లను అడగొచ్చు. అడిగినప్పుడు లేకపోతే ఇబ్బందే. అందుకని పలచటి ఫైలు చాలు: ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు ఉంటే అవి, పెన్షన్ కాగితం లేదా ఉద్యోగమిచ్చినవాళ్ల సెలవు పత్రం, పాత పాస్‌పోర్టులు. పాత పాస్‌పోర్టులు తీసుకెళ్లమనేది వాటి మీదున్న రాకపోకల ముద్రల కోసమే. తెలుగులో ఉన్న పాస్‌బుక్కులో సర్వే నంబరు చూసి ఎకరం విలువెంతో ఏ ఆఫీసరూ లెక్కగట్టలేడు.

అడ్డదారి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. వారం రోజులకు ఖాతాలో డబ్బు వేయించి స్టేట్‌మెంట్ తీయించే కన్సల్టెన్సీలు మన ఊళ్లలో బాహాటంగానే పనిచేస్తాయి. 214(బీ) తిరస్కరణ ఆ రోజు వరకే. పరిస్థితి మారాక, ఫీజు మళ్లీ కట్టి, మళ్లీ వెళ్లొచ్చు. అబద్ధపు కాగితం ఇచ్చి దొరికితే వర్తించే సెక్షన్ 212(ఏ)(6)(సీ). దాని నిషేధం జీవితాంతం, అరుదైన మినహాయింపు దొరికితే తప్ప. అడగకపోవచ్చనే కాగితం కోసం ఇంత ప్రమాదం మీదేసుకోవడం నాకు అర్థం కాదు.

నా వాదన నిలవని చోటు

తిరిగొచ్చిన తేదీలే గట్టి రుజువంటే, ఎప్పుడూ వెళ్లనివాళ్ల గతి ఏమిటి? భర్త పోయి, ఒక్కతే కూతురు సియాటిల్‌లో ఉన్న 66 ఏళ్ల ఆవిడను తీసుకోండి. ఉద్యోగం లేదు. ఇల్లుంది, కుటుంబ పెన్షన్ వస్తుంది. పక్కవీధిలో చెల్లెలుంది, పొద్దున్నే గుడికి వెళ్లే తోడుంది, పదేళ్లుగా చూపించుకుంటున్న షుగరు డాక్టరున్నాడు. ఆవిడ నిజంగానే అక్కడ ఉండలేదు. రెండు నెలలకే ఇంటి మీదికి గాలి మళ్లుతుంది. కానీ రెండు నిమిషాల్లో కౌంటర్ అవతలికి కనబడేది, ఇక్కడ ఎవరూ లేరు, అక్కడ కూతురుంది అన్నంతవరకే. ఈమె విషయంలో నా దగ్గర నికరమైన జవాబు లేదు. తక్కువ కాలం అడగడం, దానికి స్పష్టమైన కారణం ఉండడం, చెల్లెలి సంగతి, వైద్యం సంగతి నోటితో చెప్పడం. ఇంతకుమించి చేయగలిగింది పెద్దగా లేదు. సింగపూరు, బ్యాంకాక్ తిప్పి పాస్‌పోర్టు మీద ముద్రలు వేయించమనేవాళ్లున్నారు. అయిదు రోజుల టూరు ప్యాకేజీ ఖర్చు పెట్టే స్తోమత చూపిస్తుందే తప్ప, కూతురి ఇంటి నుంచి తిరిగొస్తుందని చెప్పలేదు.

కెనడా ఈ చిక్కును వేరే విధంగా విప్పింది. అక్కడి చట్టంలో తాత్కాలికంగా వస్తూనే ముందుముందు స్థిరపడాలనుకోవడం ఒక్కటే అడ్డంకి కాకూడదని 22(2) సెక్షన్ ఉంది. తల్లిదండ్రులకు, తాతలకు, అమ్మమ్మ నానమ్మలకు సూపర్ వీసా అని విడిగా ఉంది. దాని మీద 2022 జూలై నుంచి ఒక్కోసారి ఐదేళ్ల దాకా ఉండొచ్చు. పిల్లల ఆదాయం, లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా చూస్తారు. మనవల దగ్గర ఎక్కువకాలం ఉండాలనుకోవడం మోసం కాదని ఒప్పుకున్న పద్ధతి అది. అమెరికాలో ఆ వీలు లేదు. 214(బీ) మీద అప్పీలూ లేదు, చేతికిచ్చే కాగితంలో మీ సంగతేమిటన్న వివరణా ఉండదు.

విమానాశ్రయంలో రెండో పరీక్ష

పదేళ్ల వీసా చేతికొచ్చాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. 214(బీ) వాక్యాన్ని చివరిదాకా చదివితే అందులో ఇద్దరు అధికారులున్నారు: వీసా అడిగినప్పుడు కాన్సులర్ ఆఫీసరు, దిగినప్పుడు ఇమిగ్రేషన్ ఆఫీసరు. ఇద్దరి ముందూ రుజువు భారం ప్రయాణికుడిదే. ఇది ఒకే పరీక్ష రెండుసార్లు పెట్టడంలా కనిపించినా, దీనికి కారణం లేకపోలేదు. వీసా ఇచ్చిననాడు ఆయన కాలేజీ ప్రిన్సిపాల్. ఎనిమిదేళ్ల తర్వాత దిగేనాటికి రిటైరయ్యాడు, ఇల్లు అమ్మేశాడు, రెండో అబ్బాయి కూడా అక్కడికే చేరాడు. వీసా అదే, మనిషి పరిస్థితి అది కాదు.

ఎతిహాద్‌లో అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకు ఈ తనిఖీ అక్కడే జరుగుతుంది. 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్ అక్కడ పనిచేస్తోంది. దానితో ఒక లాభముంది. అబుదాబిలో కాదంటే హైదరాబాదు తిరిగొస్తారు. అమెరికా గడ్డ మీద దిగాక కాదంటే అక్కడికక్కడే వెనక్కి పంపించే ఎక్స్‌పిడైటెడ్ రిమూవల్ ఆర్డర్ ఇచ్చే అధికారం వాళ్లకుంది. దానితో ఐదేళ్ల నిషేధం పడుతుంది. ఆ ఆర్డర్ రాసేముందు, ప్రవేశం కోరడాన్ని స్వయంగా ఉపసంహరించుకుని తిరిగి వెళ్లిపోతామని అడగొచ్చు. ఒప్పుకోవడం వాళ్లిష్టం. ఒప్పుకుంటే ఆ ఐదేళ్ల నిషేధం ఉండదు. వీసా మాత్రం రద్దు కావొచ్చు, తర్వాతి డీఎస్-160లో ఈ సంగతి చెప్పాలి కూడా. అదనపు తనిఖీకి కూర్చోబెట్టే సెకండరీ గదిలో కంగారుగా కూర్చున్నప్పుడు ఎవరికీ గుర్తురాని విషయమిది. బయల్దేరేముందే పిల్లలు తల్లిదండ్రులకు చెప్పి ఉంచాలి.

అక్కడ బంధాలు రుజువయ్యేది ఫైలుతో కాదు, సామానుతో, టికెట్టుతో, ఫోనుతో. ఫోను చూసే అధికారం వాళ్లకుంది. ఎక్కువమందివి చూడరు. కానీ సెకండరీకి పంపితే చూడొచ్చు. అందులో "ఆయా మానేసింది, నువ్వొచ్చి బాబుని ఏడాదిపాటు చూసుకుంటే డేకేర్ డబ్బు మిగులుతుంది" అన్న మెసేజి ఉందనుకోండి. మనకది అమ్మమ్మ చేసే పని. అవతలివాడికి జీతం మిగిల్చే పని, పైగా ఏడాది. బిడ్డను చూడ్డానికి, పురుటికి తోడుండడానికి వెళ్లడం విజిటర్ వీసాకు తగిన కారణమే. పిల్లాడి పెంపకం అప్పగించుకోవడానికి వెళ్తున్నామన్నట్టు చెబితే చిక్కు మొదలవుతుంది. మెసేజీలు చెరిపేయమని సలహాలిచ్చేవాళ్లున్నారు. ఖాళీ ఫోను ఇంకా అనుమానం పెంచుతుంది. ఏడాది ఉండే ఆలోచనే మానుకోవడం సులువు.

ఆరు నెలలూ వాడుకోవాలా?

ఇక్కడే నాతో చాలామంది విభేదిస్తారు. చట్టం ఆరు నెలలిచ్చింది, లక్షన్నర పెట్టి టికెట్లు కొన్నాం, నాలుగు నెలలకే ఎందుకు రావాలి? వాళ్ల మాటలో న్యాయముంది. బీ-2 విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు తక్కువ అడిగినా సాధారణంగా ఆరు నెలలు ఇవ్వాలని నిబంధనల్లోనే ఉంది. ఏడాదిలో ఇన్ని రోజులే ఉండాలన్న వీసా నియమమేదీ లేదు. అక్కడున్నన్ని రోజులు మళ్లీ బయట ఉండాలన్నది కూడా జనం అల్లుకున్న లెక్కే.

కానీ ఆ నిబంధన వల్లే నాలుగు నెలలని చెప్పడంలో నష్టం లేదు. నాలుగంటే నాలుగే ముద్ర వేస్తారేమోనని ముందుజాగ్రత్తగా ఆరు అని చెప్పేవాళ్లు అనవసరంగా భయపడుతున్నారు. మొదటిసారి నాలుగు నెలలని చెప్పి నాలుగు నెలలకే వస్తే, మాటకూ చేతకూ పొంతన ఉందని రికార్డులో పడుతుంది. ఐ-94 అనే ప్రవేశ రికార్డు వెబ్‌సైటులో రాకపోకల తేదీలు వాళ్లకే కాదు, మీకూ కనిపిస్తాయి. దిగిన రోజునే అందులో గడువు తేదీ సరిచూసుకోవాలి, తప్పుంటే దగ్గర్లోని డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో దిద్దించుకోవాలి. వీసా మీదున్న తేదీని ఉండే గడువనుకుని మోసపోయినవాళ్లు ఇప్పటికీ తగులుతూనే ఉంటారు. ఐ-94 గడువు ఒక్కరోజు దాటినా అదే చట్టంలోని 222(జీ) సెక్షన్ కింద ఆ పదేళ్ల వీసా చెల్లదు. గడువు అయ్యాక 180 రోజులకు పైగా ఉండి వస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు నిషేధం.

ఉండే గడువు పొడిగింపుకు ఐ-539 దరఖాస్తు వేయడం చట్టబద్ధమే. గుండె ఆపరేషన్ అయినప్పుడు, పురుడు కష్టమైనప్పుడు వేయకుండా ఎలా? అందులోనూ ఎందుకుండాలి, ఎప్పుడు వెళ్తారు, ఇండియాలో ఇల్లూ ఉద్యోగం ఏమవుతాయి అని రాయమంటారు. ఐ-94 గడువులోపే వేయాలి. నిర్ణయం రాకముందే తిరిగొచ్చేస్తే ఆ రసీదు, ప్రయాణించిన బోర్డింగ్ పాసు దాచుకోవాలి, తర్వాతిసారి రికార్డులో ఆరు నెలలు దాటినట్టు కనిపించినప్పుడు చూపించడానికి. గడువు దాటాక కాదని జవాబొస్తే మళ్లీ 222(జీ) తగులుతుంది. అమ్మాయి వాళ్లొచ్చి ఆరు నెలలు, అబ్బాయి వాళ్లొచ్చి ఆరు నెలలు అని వియ్యాలవారు వంతులేసుకునే ఇళ్లలో, ఒక వంతు వాళ్లకు వీసా రాకపోతే రెండో వంతు వాళ్లు పొడిగింపు వేస్తుంటారు. ఆ కారణాన్ని ఐ-539లో రాసి చూడండి, ఎంత బలహీనంగా ఉంటుందో తెలుస్తుంది.

నాలుగు నెలల లెక్కకు ఇంకో మద్దతు ఉంది. అది ఇమిగ్రేషన్ నుంచి కాదు, పన్నుల నుంచి. విజిటర్‌గా ఉన్న రోజులు కూడా అమెరికా పన్ను చట్టం లెక్కలోకి వస్తాయి. ఈ ఏడాది రోజులు మొత్తం, పోయినేడాదివి మూడో వంతు, అంతకుముందువి ఆరో వంతు కలిపి 183కు చేరితే పన్ను దృష్టిలో అక్కడి నివాసి. ఏటా 150 రోజులుంటే 150, 50, 25 కలిసి 225. ఏటా 120 అయితే 120, 40, 20 కలిసి 180, దాటదు. దాటినా, ఆ ఏడాది ఉన్నది 183 రోజుల కంటే తక్కువై, గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేయకుండా ఉంటే, సొంత దేశంతోనే దగ్గరి సంబంధమని ఫారం 8840 వేసుకోవచ్చు. అక్కడ జీతం లేనివాళ్లకు గడువు మరుసటి ఏడాది జూన్ 15. ఆ ఫారంలో ప్రశ్నలు చదవదగ్గవి: మీ శాశ్వత నివాసం ఎక్కడ, కుటుంబం ఎక్కడ, కారు ఎక్కడ, వస్తువులు ఎక్కడ, రోజువారీ బ్యాంకు ఖాతా ఎక్కడ, డ్రైవింగ్ లైసెన్స్ ఏ దేశానిది, ఓటు ఎక్కడ. కౌంటర్లో రెండు నిమిషాల్లో ఊహించాల్సిన వాటిని పన్ను శాఖ తీరిగ్గా, ఒక్కొక్కటే అడుగుతుంది. ఏటా వెళ్లొచ్చే తల్లిదండ్రులున్నవాళ్లు ఏప్రిల్‌లో తమ రిటర్నుతోపాటు ఈ రోజుల లెక్క కూడా ఒకసారి వేసి చూసుకోవాలి. అక్కడ పన్ను లెక్కలు చూసే సీపీఏలు చాలామంది వాళ్లంతట వాళ్లు అడగరు, ఎందుకంటే తల్లిదండ్రులకు సోషల్ సెక్యూరిటీ నంబరు (ఎస్ఎస్ఎన్) ఉండదు, రిటర్నులో పేరుండదు.